నేను తట్టని ఇరవై మూడు తలుపులు

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, ఎనభై నాలుగేళ్ళ వయసులో లిఫ్టు పనిచేయకపోయినా రెండంతస్తుల మెట్లెక్కి వచ్చిన మా పెద్దసారుకి, ముందు వరసల్లో కూర్చున్న నాటి సర్వేయర్లకు, కుర్చీలు చాలక గోడ వారన నిలబడ్డ నేటి సర్వేయర్లకు, మన ఫారాలు అచ్చేసే ప్రెస్సు మిత్రులకు, ఇంట్లో ముప్పయ్యేళ్ళకు పైగా నా మాటలు వింటూ ఇక్కడ కూడా వినడానికి ధైర్యం చేసి వచ్చిన మా ఆయనకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్ళందరూ నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఇళ్ళిళ్ళూ తిరిగి తలుపులు తట్టే ఉద్యోగం కాబట్టి నాకు ‘తలుపులక్క’ అని పేరు పెట్టారనీ, నా చేతికొచ్చిన దొంగ ఫారం తప్పించుకుపోవడం అసాధ్యమనీ, ఈ సంస్థకు నేను మనస్సాక్షి లాంటిదాన్ననీ అన్నారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడో మాట విన్నప్పుడు మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చోవలసి వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. మామూలుగా నేను కాగితం చూసి మాట్లాడను. ఇవాళ గొంతు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు కాబట్టి రాసుకున్నాను.

బయటి నుంచి వచ్చిన బంధువులు కొందరున్నారు కాబట్టి, మా పనేమిటో ముందు ఒక్క మాటలో చెబుతాను. ప్రభుత్వాన్ని నడిపే నాయకుడి మీద జనానికి ఎంత నమ్మకం ఉందో నెలనెలా తెలుసుకోవడం మా పని. లాటరీలో తీసినట్టు కొన్ని ఇళ్ళ నంబర్లు తీస్తాం. ఆ ఇంటికే వెళ్ళాలి. తలుపు తీయకపోతే మళ్ళీ వెళ్ళాలి గాని, పక్కింటి తలుపు తట్టకూడదు. తలుపు తీసినవాళ్ళని ‘నాయకుడి పనితీరు మీకు తృప్తిగా ఉందా, లేదా, చెప్పలేరా’ అని అడుగుతాం. వచ్చిన జవాబులన్నీ కలిపితే నూటికి ఎంతమంది అనే అంకె వస్తుంది. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ అంకే. ఆ రోజుల్లో సంస్థను నడిపిన పెద్దసారు దాన్ని ఎర్ర సిరాతో గోడమీద గ్రాఫు కాగితం మీద చుక్కపెట్టి, పోయిన నెల చుక్కతో గీత కలిపేవారు. ఇప్పుడది కంప్యూటర్లో రోజూ తనంతట తనే కదులుతోంది గాని, అప్పట్లో ఆ గీత గీయడం చూడటానికి మేమంతా పని ఆపి వచ్చి నిలబడేవాళ్ళం.

ఆ గీత ఎందుకు ఎక్కుతుందో ఎందుకు దిగుతుందో నాకు తెలుసని చాలామంది అనుకుంటారు. పెళ్ళిళ్ళకు వెళితే భోజనాల దగ్గర పట్టుకుని అడుగుతారు. నాకు తెలిసింది చాలా తక్కువ. పదవిలోకి వచ్చిన కొత్తలో ఎవరికైనా అరవై దాటుతుంది. వంటనూనె ధర పెరిగితే నాలుగు పడిపోతుంది, తగ్గితే ఒకటే పెరుగుతుంది. నాయకుడి ఇంట్లో ఎవరైనా పోతే జనం జాలిపడి తొమ్మిది పెంచుతారు, రెండు నెలల తరవాత ఆ తొమ్మిదీ తిరిగి తీసేసుకుంటారు. భర్త పక్కనుంటే భార్య ‘ఆయన్నే అడగండి’ అంటుంది, ఆయన నీళ్ళ కోసం లోపలికెళ్ళగానే గబగబా మూడు ముక్కలు చెప్పేస్తుంది. ఆ మూడు ముక్కల కోసమే నేను చాలా ఇళ్ళలో అవసరం లేకపోయినా మంచినీళ్ళు అడిగాను. (నవ్వులు) అంతకు మించి నాకు తెలిసిన రహస్యం ఏదీ లేదు.

ఇక పెద్దసారు గురించి. మీరంతా ఆయన్ని ‘దశాంశం గారు’ అంటారని ఆయనకు తెలుసు. ఆ పేరెందుకొచ్చిందో మాత్రం ఇక్కడ సగం మందికి తెలియదు. లెక్కల్లో యాభై రెండు పాయింటు నాలుగు అని వస్తే, ఆ పాయింటు నాలుగుని ఆయన ఎప్పుడూ అచ్చు వేయనివ్వలేదు. “అయిదొందల మందిని అడిగి పాయింటు నాలుగు చెబితే, మన దగ్గర లేని తెలివి ఉన్నట్టు నటించడం అవుతుందమ్మా” అనేవారు. దశాంశాలు కొట్టేసే మనిషికి మనవాళ్ళు దశాంశం అని పేరు పెట్టారు. (నవ్వులు) సార్, వినపడుతోందా? చెవి మిషను సరిగ్గా పెట్టుకోండి, ఇక్కడినుంచి మీరు వినాల్సిన భాగం వస్తోంది.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట సంగతి ఇది. అప్పుడు నాకు ఇరవయ్యేడేళ్ళు.

ఏటి ఒడ్డున పాత మిల్లు చుట్టూ ఉన్న వాడలో ఇరవై మంచాల ప్రసూతి ఆసుపత్రి ఒకటుండేది. దాన్ని మూసేసి, వంతెన అవతల ఉన్న పెద్దాసుపత్రిలో కలిపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ నిర్ణయం ఆనాటి నాయకుడిది. ఆయన ఆదరణ అప్పటికి నిలకడగా ఉంది. ఈ ఒక్క నిర్ణయంతో ఆ వాడలో ఏమైనా దెబ్బతిందా అని తెలుసుకోవడానికి ఒక పెద్ద పత్రిక మాకు ప్రత్యేకంగా సర్వే అప్పగించింది. రెండు వందల ఇళ్ళు, అయిదుగురు సర్వేయర్లం, మనిషికి నలభై. సోమవారం మొదలుపెట్టి గురువారం సాయంత్రానికి ఫారాలు ఇచ్చేయాలి.

సోమవారం నేను పదిహేడు ఇళ్ళు పూర్తి చేశాను. అన్నీ పెద్దరోడ్డు మీదవి. కింద దుకాణం, పైన ఇల్లు. వాళ్ళలో ఎక్కువమంది నాయకుడి మీద తృప్తిగానే ఉన్నారు. ఆసుపత్రి పోతే రోడ్డు వెడల్పవుతుందనీ, బేరాలు పెరుగుతాయనీ వాళ్ళ ఆశ. నేను విన్నది విన్నట్టు రాశాను. మిగిలిన ఇరవై మూడు ఇళ్ళు మిల్లు వెనక సందుల్లో ఉన్నాయి. మంగళవారం పొద్దున వెళదామనుకున్నాను.

మంగళవారం పొద్దున మా అమ్మ వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడింది. నాకు తోబుట్టువులు లేరు, నాన్న అంతకు ముందే పోయారు. మా ఆయన అప్పట్లో వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నారు, కబురు అందుకుని బయల్దేరేసరికి శుక్రవారమైంది. అమ్మను ఆసుపత్రిలో చేర్చి ఆ మంచం పక్కనే కూర్చున్నాను. ఆఫీసుకు ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ ఇళ్ళు ఇంకొకరు చేసేవారు. చేయలేదు. చేయకపోవడానికి కారణం ఇన్నేళ్ళు వెతికాను. కొత్తగా వచ్చినదాన్ని, మాటపడతానని భయం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ జవాబులు నాకు ముందే తెలుసని నమ్మకం. పదిహేడు ఇళ్ళు చూశాను, ఆ వాడ నాకు అర్థమైపోయింది అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం, అమ్మ కునుకు తీస్తుంటే, మందుల బల్ల మీద సీసాలు పక్కకు జరిపి ఆ ఇరవై మూడు ఫారాలూ నేనే నింపాను.

(కాగితం తిప్పుతూ)

చాలా జాగ్రత్తగా నింపాను. వయసులు వేరువేరుగా వేశాను. రెండు కలాలు మార్చాను. అందరూ తృప్తిగా ఉన్నారంటే అనుమానం వస్తుందని పదహారుమందిని తృప్తిగా ఉంచి, అయిదుగురికి కోపం తెప్పించి, ఇద్దరి చేత ‘చెప్పలేను’ అనిపించాను. అలవాటు ప్రకారం ప్రశ్న పైకి చదువుతూ, జవాబు కూడా నేనే గొణుక్కుంటూ రాస్తున్నానట. అమ్మ కళ్ళు తెరిచి, మాట స్పష్టంగా రాక కష్టపడుతూ అడిగింది.

“ఎవరితో మాట్లాడుతున్నావే?”

“ఎవరితోనూ కాదమ్మా. ఆఫీసు పని.”

అమ్మ గదంతా ఒకసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. గురువారం ఫారాలు పంపించేశాను.

అంకె యాభై రెండు వచ్చింది. ఆసుపత్రి మూసేస్తామన్నా ఆ వాడలో సగానికి పైగా జనం నాయకుడితోనే ఉన్నారని పత్రిక మొదటి పేజీలో వేసింది. నా పనితనాన్ని మెచ్చుకున్నారు కూడా. అమ్మ ఆసుపత్రిలో ఉన్నా ఫారాలు వేళకు పంపిందని మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు ఇద్దరు ఇప్పుడు మొదటి వరసలో ఉన్నారు. వాళ్ళకు ఇప్పుడే తెలుస్తోంది.

మూడు వారాల తరవాత మామూలు నెలవారీ సర్వేకి లాటరీలో ఆ మిల్లు వెనక సందులోనే ఒక ఇల్లు తగిలింది. వెళ్ళాను. వాకిట్లో కుట్టుమిషను, దాని ముందు నలభై ఏళ్ళావిడ. బట్టలు కుట్టి ఇల్లు గడుపుకునే మనిషి. ఆవిడ ఇల్లు నా పాత ఇరవై మూడింటిలో కూడా ఉంది, ఆ విషయం నంబరు చూస్తూనే నాకు తెలుసు. నేను సర్వే అనగానే తొక్కుతున్న కాలు ఆపింది.

“ఇప్పుడొచ్చారా? మొన్న పేపర్లో మేమంతా సంతోషంగా ఉన్నామని వేశారటగా. మా సందులో ఒక్క గుమ్మం ముందుకి కూడా ఎవరూ రాలేదు. మమ్మల్ని ఎవరడిగారమ్మా?”

అబద్ధం చెప్పడం అప్పుడు చాలా తేలిక. వేరే సందులో అడిగి ఉంటారు అంటే చాలు. నోరు తెరిచాను కూడా. కానీ ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అలా అడిగేసరికి నాకు మాట మార్చబుద్ధి కాలేదు.

“ఎవరూ అడగలేదక్కా. మీ సందు ఫారాలు నేనే రాసేశాను” అన్నాను.

“మా జవాబులు నువ్వు రాశావా?”

“అవును.”

“నా పేరు మీద ఏం రాశావు?”

“తృప్తిగా ఉందని.”

ఆవిడ తిడుతుందనుకున్నాను, నలుగుర్నీ పిలుస్తుందనుకున్నాను. ఒళ్ళో ఉన్న బట్ట మిషను మీద పెట్టి, లోపలినుంచి ముక్కాలిపీట తెచ్చి నా ముందు వేసింది.

“కూర్చో. ఇప్పుడడుగు. నేను చెప్పింది రాసి, ఏం రాశావో నాకు చదివి వినిపించు.”

అడిగాను. రాశాను. చదివి వినిపించాను. ఒకచోట ఆపి, “నేను కోపంగా ఉందనలేదు, భయంగా ఉందన్నాను. మా కోడలికి అయిదో నెల. నొప్పులొస్తే ఆ వంతెన ఎలా దాటాలి? భయం అని రాయి” అంది. ఫారంలో భయానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాశాను.

నేటి సర్వేయర్లు నెలకోసారైనా తిట్టుకునే రూలు ఒకటుంది కదా, జవాబు రాసుకున్నాక ఇంటివాళ్ళకు చదివి వినిపించి తీరాలని? దానివల్ల ఇంటికి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోందని మొన్న కూడా డైరెక్టరు గారికి అర్జీ పెట్టారు. (నవ్వులు) ఆ రూలు ఏ పుస్తకంలోంచీ రాలేదు. ఆ కుట్టుమిషను ముందు పుట్టింది.

తరవాత తొమ్మిది రోజులు పని అయ్యాక ఆ సందుల్లోనే తిరిగాను. తాళం వేసిన ఒక ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ ముందు నేను చేసింది చెప్పి, తరవాత ప్రశ్న అడిగాను. ఒకాయన తలుపు మొహం మీద వేసేశాడు, మర్నాడు ఆయన భార్య పిలిచి జవాబులిచ్చింది. ఒక ముసలమ్మ మాత్రం “నువ్వు రాసిందే ఉంచెయ్యి తల్లీ, మనం చెబితే మాత్రం వింటారా” అంది. ఆ మాట నన్ను మిగిలిన అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టింది. నేను రాసిన కట్టుకథలో పదహారుమంది తృప్తిగా ఉన్నారు. నిజంగా తృప్తిగా ఉన్నది ఇద్దరు. పద్ధెనిమిదిమంది లేరు. ముగ్గురు చెప్పలేమన్నారు.

ఆ కొత్త ఫారాలు ఇరవై మూడూ పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా?

“మీ అమ్మగారికి ఎలా ఉంది?”

అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, ఆ మాటకు ఏడ్చేశాను. ఆయన నన్ను ఏడవనిచ్చి, ఆలోగా పాత లెక్క బయటికి తీసి, నా పాత ఫారాలు తీసేసి, కొత్తవి కలిపి, పెన్సిల్‌తో కూడారు.

“యాభై రెండు కాదు. నలభై అయిదు. సగానికి పైన అన్నాం, సగానికి కింద ఉంది. ఇది చెప్పాలి.”

“సార్, నా ఉద్యోగం...”

“దాని సంగతి తరవాత. ముందు అంకె సంగతి చూద్దాం.”

ఆ పూటే ఆయన ఒక లేఖ రాశారు. ‘మా సంస్థ పొరపాటు వల్ల ఈ వాడ సర్వేలో తప్పు అంకె వెలువడింది, సరైన అంకె నలభై అయిదు’ అని. ఒక ప్రతి పత్రికకు, ఒకటి నాయకుడి కార్యాలయానికి. నా పేరు ఎక్కడా లేదు. పత్రిక సంపాదకుడు ఫోను చేసి అరిచిన అరుపులు గది బయట నిలబడ్డ నాకు వినిపించాయి. ఈయన మాత్రం ఒకటే మాట. “అవునండీ, తప్పు మాదేనండీ. అందుకే కదండీ రాశాం.” మొదటి పేజీలో వచ్చిన అంకెకి సవరణ తొమ్మిదో పేజీలో, రైళ్ళ వేళల కింద నాలుగు లైన్లు వేశారు. ఆ పత్రిక మళ్ళీ మా గడప తొక్కలేదు. వేరే సర్వేలవాళ్ళు మా వెనకాల నవ్వుకున్నారు. నలుగురు సర్వేయర్లు మానేసి వెళ్ళిపోయారు. తప్పు ఎవరిదని అందరూ అడిగారు. సంస్థది అన్నారాయన. ముప్పై మూడేళ్ళుగా అదే మాట మీద ఉన్నారు.

నన్ను తీసేస్తారనుకుని బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటుంటే పిలిపించారు.

“రేపటినుంచి మీరు సర్వే చేయొద్దు. మిగతావాళ్ళ ఫారాలు తనిఖీ చేయండి. వాళ్ళు వెళ్ళామన్న ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అడగండి.”

“నేనా సార్?”

“మీరే. దొంగ ఫారం ఎలా తయారవుతుందో ఈ ఆఫీసులో తెలిసింది మీ ఒక్కరికే.” (నవ్వులు)

అప్పుడు నాకు నవ్వు రాలేదు గాని, ఆయన అన్నది నిజమే. అబద్ధపు ఫారంలో మనుషులు మాట మార్చుకోరు. కొట్టివేతలుండవు. ఎవరూ మధ్యలో పొయ్యిమీద పాలు చూసి రావడానికి లేవరు. నేను పట్టుకున్న దొంగ ఫారాలన్నీ అలాగే చాలా శుభ్రంగా ఉన్నాయి, నావి ఉన్నట్టే. పట్టుబడ్డవాళ్ళు కొందరు ఈ హాల్లోనూ ఉన్నారు, తలలు దించుకోకండి, పేర్లు చెప్పను. (నవ్వులు) మీ మీద నేను అరవకపోవడం చూసి తలుపులక్కది మెత్తని మనసు అనుకున్నారు. అరిచే అర్హత లేక అరవలేదు.

ఇక ఆసుపత్రి. లేఖ వెళ్ళిన ఆరు వారాలకు దాన్ని మూసేశారు.

ఆ ఏడాది చివర్లో నేను మళ్ళీ ఆ సందుకు వెళ్ళాను. కుట్టుమిషను అక్క వాకిట్లో లేదు, లోపల ఉంది. కోడలికి నెల ముందే నొప్పులొచ్చాయట. వంతెన మీద బళ్ళు ఆగిపోయి ఉన్నాయట. కోడలు బతికింది. బిడ్డ దక్కలేదు.



“నీ అంకె వల్ల మూశారా?” అని అక్క నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. దానివల్లే అని చెప్పడానికి ఆధారం లేదు, కాదని చెప్పడానికీ లేదు. ఆ రెంటి మధ్యా నేను ఎనిమిదేళ్ళు బతికాను.

ఎనిమిదేళ్ళ తరవాత జరిగింది ఒకటుంది. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక కొత్త సర్వేయరు తెచ్చిన ఫారం తనిఖీకి నా దగ్గరికొచ్చింది. పురుషుడు, వయసు డెబ్బై ఒకటి, వృత్తి దగ్గర ‘ఏమీ లేదు’. ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టాను. చేతిలో మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో తలుపు తీసింది ఎవరో కాదు, ఆ నాయకుడే. పదవి పోయి అప్పటికి ఆరేళ్ళు. అరవై ఒకటి దాకా ఎక్కి, చివరికి ఇరవై మూడుకి దిగి ఓడిపోయిన మనిషి. ఆయన ఆరోహణా అవరోహణా అంతా మా గోడమీద ఎర్ర గీతగా చూసినదాన్ని, మనిషిని చూడటం అదే మొదటిసారి. నేననుకున్నదానికన్నా పొట్టిగా ఉన్నారు.

“మా సర్వేయరు పోయిన మంగళవారం మీ దగ్గరికి వచ్చిందా సార్?” అని రూలు ప్రకారం అడిగాను.

“వచ్చిందమ్మా. చిన్నపిల్ల. నన్ను గుర్తుపట్టలేదు. ఏం చేస్తుంటారని అడిగితే ఏమీ లేదన్నాను. రాసుకుని, చదివి కూడా వినిపించింది.”

తనను ఓడించి కూర్చున్న కొత్త నాయకుడి పనితీరు గురించి ఆయన ఏం జవాబిచ్చారో మీ అందరికీ తెలుసుకోవాలని ఉంటుంది. చెప్పను. ఆయన పోయి పదేళ్ళయినా చెప్పను. రూలు రూలే. (నవ్వులు)

లోపలికి పిలిచి, ఆయనే టీ పెట్టి తెచ్చారు. ప్రతినెలా అయిదో తారీకున కవరులో మా అంకె వచ్చేదట. దాన్ని విప్పేముందు తలుపు వేసుకునేవారట. “అరవై ఒకటి వచ్చిన నెల నేను చేసిందేమీ లేదమ్మా, జ్వరంతో పడుకున్నాను. లేచేసరికి దేశమంతా నన్ను మెచ్చుకుంటోంది. ఒళ్ళు విరగ్గొట్టుకుని పనిచేసిన నెల ఏడు పడిపోయింది” అని నవ్వారు. ఆ నవ్వు చూశాక నేను ఆగలేకపోయాను. మిల్లు వాడ, ఇరవై మూడు ఫారాలు, మా అమ్మ మంచం, అన్నీ చెప్పేశాను. మీరు తప్పు అంకె నమ్మి ఆసుపత్రి మూశారు, ఆ అంకె నాది అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టారు.

“మీ సంస్థ సవరణ లేఖ నాకు అందిందమ్మా.”

“ఎప్పుడు సార్?”

“మూయడానికి ముందే. నెల ముందే. చదివాను. నలభై అయిదు అని ఉంది. సొరుగులో పెట్టాను. ముందొచ్చిన అంకె నాకు నచ్చింది, దాన్నే నమ్మదలచుకున్నాను.” మళ్ళీ ఆయనే అన్నారు. “నేను ఎవరితోనూ ఇలా అనలేదు. మీరు మీది చెప్పారు కాబట్టి నాది చెబుతున్నాను.”

లేచి వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి అడిగారు. “ఆ వాడలో ఇప్పుడు నా గురించి ఏమనుకుంటున్నారు?”

“పదవి దిగినవాళ్ళ గురించి మేం అడగం సార్” అన్నాను. నిజానికి అది మా పద్ధతి. కానీ ఆ ముఖం చూశాక, ఇంకేదైనా మాట దొరికితే బాగుండేదనిపించింది.

ఆయన మాటతో నా బరువు దిగిపోయిందని మీరు అనుకోవచ్చు. నేనూ ఆ రోజు ఇంటికెళుతూ అలాగే అనుకున్నాను. బస్సు దిగేసరికి ఆ అనుకోవడం అయిపోయింది. ముందొచ్చిన అంకె నచ్చింది అన్నారాయన. ఆ ముందొచ్చిన అంకెను ఆయన చేతికిచ్చింది నేనే కదా. సొరుగులో పెట్టిన తప్పు ఆయనది. అది ఆయన ఒప్పుకున్నారు. మందుల బల్ల మీద రాసిన తప్పు నాది. దాన్ని కుట్టుమిషను అక్క దగ్గరా, సందులోని గుమ్మాల ముందూ, పెద్దసారు గదిలోనూ, ఆ టీ కప్పు ముందూ ఒప్పుకున్నాను. నాతో కలిసి పనిచేసిన మీ ముందు ఒప్పుకోలేదు. మీరు నన్ను మనస్సాక్షి అంటుంటే తల ఊపుతూ వచ్చాను.

అందుకే డైరెక్టరు గారికి ఈ సభలో ఒక విన్నపం. మన పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఆ లేఖ కూడా ఎక్కుతుంది. అందులో ‘మా సంస్థ పొరపాటు’ అన్న చోట, పేజీ అడుగున ఒక అధోజ్ఞాపిక చేర్చండి. ఆ పొరపాటు సంస్థది కాదు, ఫలానా సర్వేయరుది అని నా పూర్తిపేరుతో రాయండి. ఇంటిపేరుతో సహా. ఆ మాటే రాసి సంతకం పెట్టిన కాగితం ఇదిగో, మీ బల్ల మీద పెడుతున్నాను.

(వేదిక మీదనుంచి పెద్దసారు: “వద్దమ్మా. అది నేను రాసిన లేఖ. అలాగే ఉండనీ.”)

సార్, ముప్పై ఆరేళ్ళలో మీ మాట ఒక్కటీ కాదనలేదు. ఇది ఒక్కటి కాదంటాను. మీరు నన్ను కాపాడారు. ఆ కాపాడటానికి సంస్థ పరువు ఖర్చుపెట్టారు. నాకు ఇవాళతో ఉద్యోగం అయిపోయింది, కాపాడాల్సిన పని మీకు లేదు. ఆ పరువు సంస్థకు తిరిగి ఇచ్చేయనివ్వండి.

(పెద్దసారు తల ఊపారు.)

ఆయన ఒప్పుకున్నారు, మీరంతా సాక్ష్యం.

మొన్న ఆదివారం కుట్టుమిషను అక్క ఇంటికి వెళ్ళి ఈ సభకు రమ్మని అడిగాను. ఆవిడకిప్పుడు డెబ్బై మూడు, చూపు తగ్గింది, మిషను కోడలు తొక్కుతోంది. “నేనెందుకులే అక్కడికి. చెప్పాల్సింది నువ్వు చెప్పు” అంది. చెప్పాను.

నన్ను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినవాళ్ళకు, నీళ్ళిచ్చినవాళ్ళకు, మొహం మీద తలుపు వేసి మర్నాడు తీసినవాళ్ళకు, అందరికీ కృతజ్ఞతలు. నాతో ఎండలో నడిచిన మిత్రులకు, ఇంతసేపు నవ్వాల్సిన చోట నవ్వి, నవ్వకూడని చోట ఊరుకున్న సభకు కృతజ్ఞతలు. మా ఆయనకు ఇంటికెళ్ళాక విడిగా చెప్పుకుంటాను.

రేపు పొద్దున మీరు సర్వేకి వెళతారు. ఎండ ఎక్కువగా ఉంటుంది, ఎవరో ఒకరు తలుపు తీయరు, రేపటికి ఆ ఫారం ఇవ్వాల్సి ఉంటుంది. అప్పుడు ఆఫీసుకు ఫోను చేయండి. కాలేదని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, మీకు రావాలి.

మీ అందరి దగ్గరా, ఈ ఉద్యోగం దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.